నాలుగో షీటు

నాలుగో షీటు దగ్గరికి వచ్చేసరికి తరగతి సగం అలసిపోయింది. డ్రాయింగు మాస్టారు పూర్తిగా అలసిపోయాడు.

కొత్త పాఠ్యప్రణాళికలో దాని పేరు నైరూప్య చిత్రణ. ఆ మాట పిల్లలకు నోరు తిరగలేదు. తీసివేత బొమ్మలు అన్నారు. మాస్టారు కూడా అదే అన్నాడు. ప్రతివాళ్ళూ ఇంట్లో వాడే వస్తువు ఒకటి ఎంచుకోవాలి. మొదటి షీటులో దాన్ని ఉన్నదున్నట్టు బొగ్గుతో వేయాలి. రెండోదానిలో కొంత తీసేయాలి. మూడోదానిలో ఇంకొంత. నాలుగోది కుంచెతో, నల్ల సిరాతో వేయాలి. అందులో ఇక తీయడానికి ఏమీ మిగలకూడదు. అయినా చూసినవాడికి అది ఆ వస్తువే అనిపించాలి.

ఇదంతా ఎందుకో మాస్టారుకు అర్థం కాలేదు. ఉన్నది ఉన్నట్టు వేయడమే పదిమందిలో ఒకడికి రాదు. వేయడం రానివాడు ఏం తీసేస్తాడు? ఆ మాట స్టాఫ్ రూములో అన్నాడు. లెక్కల మాస్టారు నవ్వి, మా దగ్గరా అంతేనండీ, కూడిక రాకుండానే తీసివేతలోకి వస్తారు అన్నాడు. డ్రాయింగు మాస్టారు నవ్వలేదు.

ఈ బొమ్మలు మొదలైన దగ్గర్నుంచి పిల్లలను వాళ్ళ వస్తువులతోనే పిలుస్తున్నాడు. పేర్లు గుర్తుపెట్టుకునే ఓపిక అతనికి ఎప్పుడో పోయింది. గొడుగూ, నీ నీడ ఎటు పడింది? బూటూ, అది కుడికాలిదా ఎడమకాలిదా, ముందు తేల్చుకో. పిల్లలకూ అది సరదాగా ఉంది. మైదానంలో కూడా ఒకరినొకరు అలాగే పిలుచుకుంటున్నారు.

కిటికీ పక్కన కూర్చునే పిల్ల పేరు స్టూలు. అది వాళ్ళమ్మ స్టూలు. వాళ్ళమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని పాతబట్టలకు అతుకులు వేసి ఇస్తుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ స్టూలు మీదే ఉంటుంది. దానికి నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టి. ఆ కాలి కింద మడిచిన అట్టముక్క ఒకటి పెట్టి ఉంటుంది. స్టూలు బడికి తేవడం కుదరదని, తల్లి లేచినప్పుడల్లా కొంచెం కొంచెంగా వేసుకుని తెచ్చింది ఆ పిల్ల. మాస్టారు ఆ మొదటి షీటును పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. అట్ట ఎన్ని మడతలు పెట్టారో లెక్కపెట్టొచ్చు. బరువుకు మడతల అంచులు నలిగిన తీరు కూడా ఉంది. ఈ అట్ట బాగా వచ్చింది అన్నాడు. అతని నోట ఆ మాట రావడం అరుదు. వెనక బెంచీ నుంచి కెటిల్ అనే పిల్లవాడు, అట్టకే మార్కులా మాస్టారూ, స్టూలుకి లేవా అన్నాడు.

నాలుగో షీటు రోజున ఆ పిల్ల పీరియడు చాలాభాగం చేతులు కట్టుకుని కూర్చుంది. మిగతావాళ్ళ కుంచెలు ఆడుతున్నాయి. గొడుగు అప్పటికే చొక్కాకు సిరా పూసుకున్నాడు. మాస్టారు ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"ఏం, సిరా ఆరిపోయాక మొదలెడతావా?"

"చూస్తున్నా మాస్టారూ."

"ఏం చూస్తున్నావు? కాగితం తెల్లగా ఉందా లేదా అనా?"

తరగతి నవ్వింది. ఆ పిల్ల కూడా కొంచెం నవ్వి, మళ్ళీ కాగితం వైపే చూసింది. మాస్టారు గొడుగు దగ్గరికి వెళ్ళాడు. అతను అక్కడుండగానే ఆమె కుంచె ముంచింది. కాసిని గీతలు, అంతే. గంట కొట్టేసరికి కుంచె కడుక్కుని వచ్చింది. షీట్లన్నీ తీగకు క్లిప్పులతో వేలాడదీశారు. మాస్టారు వాటి వైపు చూడకుండానే గదికి తాళం వేశాడు.

*

పరీక్షకు ముందు డ్రాయింగు మాస్టారు ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుంటాడు. ఎందుకో అందరికీ తెలుసు. ఎవరూ అడగరు. బయటినుంచి వచ్చే పరీక్షకులకు చూపించే షీట్ల మీద గురువు చెయ్యి పడకూడదని నియమం. షీటు వెనక, ఇది నా స్వహస్తంతో వేసినది అని అచ్చువేసిన వరుస ఉంటుంది. దాని కింద పిల్లలు సంతకం పెడతారు. అయినా ఏ బడిలోనైనా డ్రాయింగు మాస్టారు తలుపు వేసుకుంటాడు. అతని మాస్టారూ వేసుకున్నాడు. అతనూ వేసుకుంటున్నాడు.

బల్ల మీద పాత పత్రిక పరిచి, సిరా, రెండు కుంచెలు, గ్లాసుతో నీళ్ళు పెట్టుకున్నాడు. ఒక్కో షీటూ దించి చూశాడు. గొడుగు అంచు తెగిపోయి ఉంది. కలిపాడు. బూటు కింద నీడ మాసికలు మాసికలుగా ఉంది. కుంచెతో పూసి ఒకటిగా చేశాడు. కెటిల్ ముక్కు వంకర పోయింది, ఇంకో గీత కలిపి తీర్చాడు. చెయ్యి దానంతట అదే పోతోంది. అతను ఆలోచిస్తున్నది చెప్పు బొటనవేలి ఉంగటం తెగిన సంగతి. కుట్టించాలి.

స్టూలు షీటు వచ్చింది. పైన ఒక లావుపాటి అడ్డగీత. దాన్నుంచి కిందికి నాలుగు గీతలు. మూడు గీతలు షీటు అడుగంచు దాకా వచ్చి ఆగాయి. నాలుగోది అంచుకు వేలెడు ఎత్తులోనే అయిపోయింది. దాని చివర సిరా లేక కుంచె వెంట్రుకలు విడివిడిగా గీసుకుపోయిన గుర్తు.

సిరా అయిపోయిందన్నమాట అనుకున్నాడు. పీరియడంతా కూర్చుంటే అంతే మరి. చివర్లో హడావుడి. కుంచె నిండా ముంచి, ఆ గీతను పైనుంచి పట్టుకుని కింది దాకా లాగాడు. వెంట్రుకల గుర్తులు కప్పుకుపోయాయి. అతికినట్టు కూడా తెలియదు. షీటును చేయిచాపు దూరం పెట్టి చూశాడు. నాలుగు కాళ్ళ మీద నిటారుగా ఉంది.

ఆరబెట్టి, తరువాతిది దించాడు.

*

మర్నాడు షీట్లు పంచి, వెనక సంతకాలు పెట్టమన్నాడు. గీసిన గీతకు గీసినవాళ్ళే జవాబు చెప్పాలి అని ఏటా అనే మాటే అన్నాడు. పిల్లలు బొమ్మ వైపు సరిగా చూడను కూడా చూడలేదు. తిప్పి సంతకాలు చేశారు. బూటు తన సంతకం కింద రెండు గీతలు, చుక్క పెట్టుకున్నాడు. స్టూలు మాత్రం షీటును బల్ల మీద పెట్టుకుని చూస్తూ ఉంది. తరువాత పెన్నుకు మూత పెట్టేసి, షీటు పట్టుకుని మాస్టారు బల్ల దగ్గరికి వచ్చింది. మిగతావాళ్ళకు వినపడకుండా మాట్లాడింది.

"ఈ కాలు నాది కాదు మాస్టారూ."

"సిరా తక్కువైంది. నింపాను. వెళ్ళి సంతకం పెట్టు."

"సిరా తక్కువ కాలేదండి. అక్కడిదాకానే వేశాను."

"అక్కడిదాకా అంటే?"

"కాలు అక్కడిదాకానే ఉంది కదండీ."

మాస్టారు షీటు తీసుకున్నాడు. మిగతా మూడు షీట్లూ అతని బల్ల మీదే ఉన్నాయి. మొదటిదానిలో అట్టముక్క మడతలతో సహా ఉంది. రెండోదానిలో మడతలు పోయి నల్లటి దిమ్మ అయింది. మూడోదానిలో ఒక చుక్కంత. నాలుగోదానిలో అట్టను కూడా తీసేసింది. అది తీసేశాక మిగిలిన చోటు ఖాళీ. ఆ పిల్ల పీరియడంతా కూర్చుని ఎదురుచూసింది ఆ ఖాళీ కోసం. కుంచెలో సిరా ఎంతుంటే గీత ఎక్కడ ఆగుతుందో చూసుకుని మరీ వేసింది. అతను దాన్ని పూడ్చేశాడు.

అతనికి అంతా అర్థమైంది. అర్థమయ్యాక అన్న మాట ఇది:

"ఇప్పుడు టైము లేదు. సంతకం పెట్టు."

వేరే షీటు ఇవ్వమని అడిగింది. ముద్ర వేసిన షీట్లు తలకు నాలుగే వచ్చాయని, ఇంక లేవని చెప్పాడు. అది నిజమే. ఆ పిల్ల తన చోటికి వెళ్ళి కూర్చుంది. షీట్లు పోగుచేసేటప్పుడు ఆమెది వెనకవైపు ఖాళీగా వచ్చింది.

సాయంత్రానికి సంగతి పెద్దమేడం గదికి చేరింది. పెద్దమేడం మంచిమాటలతో మొదలుపెట్టింది. సంతకం లేనిది షీట్లు గోడకు ఎక్కవని, పరీక్షకురాలు చూడదని, చూడకపోతే పై ఏడాది స్టూడియో తరగతిలో చోటుండదని, టైపు తరగతికి పంపాల్సి వస్తుందని చెప్పింది. ఆ పిల్ల తలూపింది. సంతకం పెట్టలేదు. తల్లికి కబురు వెళ్ళింది.

తల్లి మెళ్ళో కొలతల టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చింది. వచ్చినంతసేపూ నిలబడే ఉంది. మాస్టారు తలుపు పక్కన నిలబడ్డాడు.

"సంతకమేగా, పెట్టి పారెయ్యవే. నీ సొమ్మేం పోయింది? రోజుకి ఎన్ని బట్టలు కుడుతున్నాను, ఒక్కదాని మీదైనా నా పేరుందా?"

"అవి నువ్వు కుట్టినవేగా అమ్మా."

"అయితే?"

"ఇది నేను గియ్యలేదు. గీసినవాళ్ళే జవాబు చెప్పాలని మాస్టారే చెప్పారు."

పెద్దమేడం కళ్ళద్దాలు పైకి తోసుకుంది. మరి ఎవరు గీశారు అని అడిగింది. ఇంటిదగ్గర ఎవరిచేతైనా వేయించావా అంది. అదే అయితే టైపు తరగతి సంగతి తరువాత, ముందు బడినుంచే పంపించాల్సిన నేరం అంది. తల్లి చెయ్యి టేపును గట్టిగా పట్టుకుంది.

ఆ పిల్ల మాస్టారు వైపు చూడలేదు. చూస్తుందనే అతను కాసేపటినుంచి గోడ గడియారం కేసి చూస్తున్నాడు.

"అది నన్నడక్కండి మేడం" అంది.

"మాస్టారూ, ఇది మీ గదిలోనే వేసిందా?"

"గదిలోనే వేసింది" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆ మాట చెప్పడానికి ముప్పై ఏళ్ళ నౌకరీ అక్కర్లేదు, ఏ పిరికివాడైనా చెప్పగలడు.

తల్లి అతని వైపు తిరిగింది. మీరు చెప్తే వింటుంది మాస్టారూ, ఇంట్లో పొద్దస్తమానం మీ మాటే, నేను లేస్తే చాలు స్టూలు ముందు చతికిలబడేది అంది. అతను సరే అన్నట్టు తలూపాడు. పెద్దమేడం సోమవారం పొద్దున్న పరీక్షకురాలు వచ్చేదాకా గడువిచ్చింది. తల్లీకూతుళ్ళు వెళ్ళారు. మెట్ల మీద తల్లి గొంతు వినపడింది. నీకేం పోయేకాలమే, నా ప్రాణానికి దొరికావు అంటోంది. రెండో గొంతు వినపడలేదు.

పెద్దమేడం మాస్టారును ఆగమంది. తలుపు దగ్గరికి వేసింది.

"మీ చెయ్యేనని నాకు తెలుసు. అందరూ చేసేదే, తప్పనను. కానీ మీరు నోరు మెదిపితే ఆ ఒక్క షీటే కాదు, తరగతి మొత్తం అనుమానంలో పడుతుంది. మీ సర్వీసు పొడిగింపు కాగితం కూడా నా బల్ల మీదే ఉంది మాస్టారూ."

ఆ బల్ల మీద చాలా కాగితాలున్నాయి. అతను వాటికేసి చూసి, వస్తానండీ అన్నాడు.

*

మాస్టారు ఇంట్లో అతని అక్క ఉంటుంది. భార్య పోయాక వచ్చి, ఇక వెళ్ళలేదు. ఆదివారం ఆమె వాకిలి గట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మాస్టారు తెగిన చెప్పుకు ఉంగటం తనే కుడుతున్నాడు. సూది లావు. తోలు దిగడం లేదు. అక్క అడక్కుండానే సంగతంతా చెప్పాడు. తనవైపునుంచి చెప్పాడు. సిరా తక్కువైందనుకున్నాననీ, ఎవరైనా అలాగే అనుకుంటారనీ, పిల్లకు మంచే చేయబోయాననీ.

అక్క ఒలవడం ఆపలేదు.

"ఒరేయ్, మీ ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో గోడకి ఒక్క మేకు కొట్టిందా?"

"అదెందుకిప్పుడు?"

"మొదట్లో ఒకటి కొట్టింది, వాళ్ళ నాన్న ఫొటో పెట్టుకుందామని. వంకరగా ఉందని పీకి, పక్కన నువ్వు కొట్టావు. నేనప్పుడు పండక్కొచ్చి ఇక్కడే ఉన్నాను. ఆ తర్వాత అది సుత్తి ముట్టుకోలేదు."

"వంకరగానే ఉంది."

"ఉంటే?"

మాస్టారు సూదిని తోలులోకి గట్టిగా తోశాడు. అటు దిగి వేలికి గుచ్చుకుంది. అక్క ఒలిచిన గింజలు పళ్ళెంలోకి ఎత్తి, తొక్కలు ఒడిలో పోగుచేసుకుని లేచింది. రక్తం చెప్పుకి అంటకుండా చూసుకో, దానికీ మళ్ళీ రంగు వేస్తావు అని లోపలికి వెళ్ళింది.

*

సోమవారం షీట్లు గోడకు ఎక్కాయి. వరుసలో ఒకచోట మేకులు మాత్రం ఉన్నాయి. స్టూలు వరండాలో బెంచీ మీద కూర్చుంది. రాత్రి తల్లి ఏమందో, ఆమె ఏమందో, సంతకం మాత్రం లేదు.

పరీక్షకురాలు పెద్దావిడ. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చింది. టీ వద్దంది, నీళ్ళడిగింది. షీట్ల ముందు నడుస్తూ మధ్యమధ్య ఆగుతూ చిన్న చిన్న మాటలు రాసుకుంది. ఖాళీ చోటు దగ్గరికి వచ్చి ఇది ఎవరిది అంది. పెద్దమేడం ఏదో చెప్పింది. సంతకం సంగతి తరువాత చూద్దాం, ముందు బొమ్మలు చూపించండి అంది ఆవిడ. మాస్టారు నాలుగు షీట్లూ తెచ్చి నేల మీద వరసగా పరిచాడు. పిల్లలు బెంచీల మీదికెక్కి చూస్తున్నారు.

ఆవిడ మోకాలి మీద చెయ్యి ఆనించి వంగింది. మొదటిదాని దగ్గర చాలాసేపు ఉంది. రెండోది, మూడోది చూసేటప్పుడు ఆమె ముఖంలోంచి ఎండ దిగిపోయింది. నాలుగోదాని దగ్గరికి వచ్చి నిట్టూర్చింది.

"అయ్యో. ఇక్కడిదాకా వచ్చి పిల్ల భయపడిపోయింది."

గోడకు ఎక్కించండి, మార్కులేవో వేద్దాం అంటూ లేవబోయింది. మాస్టారు షీట్ల పక్కనే నిలబడి ఉన్నాడు.

"భయపడింది పిల్ల కాదండి. ఈ కాలు చివర నాది" అన్నాడు.

పెద్దమేడం దగ్గింది. పరీక్షకురాలు వంగినది వంగినట్టే తలెత్తింది. పిల్ల ఎక్కడ ఆపిందో వేలు పెట్టి చూపించాడు. ఆవిడ ఆ చోటును అరచేత్తో కప్పి, మిగతాది చూసింది. చెయ్యి తీసి మళ్ళీ చూసింది.

"ఇంకా ఏవి ముట్టుకున్నారు?"

మాస్టారు గోడ వెంట నడిచాడు. పాఠం చెప్పేటప్పటి గొంతుతోనే చెప్పాడు. ఈ గొడుగు అంచు ఇక్కణ్ణించి ఇక్కడిదాకా నాది. ఈ బూటు నీడ నాది. ఈ కెటిల్ ముక్కు దాని ముక్కు కాదు, నేను తీర్చిన ముక్కు. ఎవరూ నవ్వలేదు. గొడుగు బెంచీ దిగి దగ్గరికొచ్చాడు.

"అది నా అంచు కాదా మాస్టారూ?"

"కాదు."

"నేనే వేశాననుకున్నా. ఇంట్లో కూడా చెప్పాను."

మాస్టారు తరువాతి షీటు దగ్గరికి వెళ్ళాడు. వరుస చివరిదాకా వెళ్ళాక గాని ఆగలేదు.

పరీక్షకురాలు కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంది. ప్రతి బడిలోనూ ఇంతేనని, ఎవరూ చెప్పరని, తనూ అడగదని అంది. ఇప్పుడు మీరు చెప్పారు, నేను విన్నాను, ఇక నా బస్సు పోయినట్టే అంది. సంచీలోంచి తన ముద్ర ఉన్న కాగితాల కట్ట తీసింది. అందరూ నాలుగో షీటు మళ్ళీ వేయాలి, ఇప్పుడే, ఇక్కడే, నా ఎదురుగా. వరండాలో పిల్లను పిలవండి.

తరగతి మూలిగింది. కెటిల్, ఇదంతా ఆ స్టూలు వల్లే అన్నాడు. స్టూలు లోపలికొచ్చి తన చోట కూర్చుంది. కుంచె చివర వేళ్ళతో నొక్కి చూసుకుంది. మాస్టారు అలవాటు కొద్దీ సిరా సీసా అందుకోబోయాడు.

"మీరు బయట ఉండండి మాస్టారూ" అంది ఆ పిల్ల. గట్టిగా అనలేదు. పరీక్షకురాలు కూడా వద్దనలేదు.

అతను బయటికి వచ్చాడు. తలుపు వెనకనే మూశారు. పిల్లలు బొమ్మ వేస్తుండగా తను ఆ గదిలో లేకపోవడం అతనికి కొత్త. పెద్దమేడం అతన్ని దాటిపోతూ, పొడిగింపు సంగతి ఇక అడగవద్దని చెప్పింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు, విసుగే ఉంది. సరేనన్నాడు.

లోపలినుంచి చప్పుళ్ళు వస్తున్నాయి. బెంచీ జరిపిన చప్పుడు. కుంచెను గ్లాసు అంచుకు రాసిన చప్పుడు. ఎవరో తుమ్మారు. కిటికీ వైపునుంచి ఒక కుంచె కాగితం మీద సాఫీగా జారడం మొదలుపెట్టి, కిందికి వస్తున్నకొద్దీ గరగరలాడింది. సిరా అయిపోతున్న కుంచె. ఆ చప్పుడు అతనికి నిద్రలో కూడా తెలుస్తుంది. చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది. చూసుకుని, తీసి, జేబులో పెట్టుకున్నాడు. గరగర ఆగింది. మళ్ళీ కుంచె ముంచిన చప్పుడు రాలేదు.

చాలాసేపటికి తలుపు తెరిచారు. పిల్లలు చేతులు కడుక్కోవడానికి కుళాయి వైపు పరుగెత్తారు. గొడుగు అతన్ని చూడకుండానే దాటిపోయాడు. పరీక్షకురాలు గుమ్మంలో నిలబడి నుదురు తుడుచుకుంది.

"ఆ స్టూలు పిల్లను పై తరగతికి రాశాను. మిగతావాళ్ళలో కొందరు పోతారు. మీరు చెప్పకుండా ఉంటే గట్టెక్కేవాళ్ళే."

"తెలుసండి."

"ఆ పిల్ల బొమ్మ చూస్తారా?"

మాస్టారు కొంచెం ఆలోచించాడు.

"వద్దండి. చూస్తే నా చెయ్యి ఊరుకోదు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. లోపలికి వెళ్ళింది.

లోపల బల్లల నిండా తడి షీట్లున్నాయి. స్టూలు అప్పటికే ఆరిన తన షీటును గుండెకు ఆనించుకుని వరండాలోకి వచ్చింది. కిటికీ గట్టు చేత్తో తుడిచి, షీటును బోర్లా పెట్టింది. పెన్నుందా మాస్టారూ అని అడిగింది. జేబులోంచి తీసి ఇచ్చాడు.

సిరా కాగితం వెనక్కి దిగే ఉంటుంది. వెనకనుంచి చూసినా ఏ గీత ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. మాస్టారు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గట్టు మీది కాగితంపై పెన్ను పాళీ చిన్నగా కదిలిన చప్పుడైంది.

"అయిపోయింది మాస్టారూ" అంది.

అతను తిరక్కుండా, చెయ్యి మాత్రం వెనక్కి చాచి పెన్ను తీసుకున్నాడు.